పదమూడో రాయి

ఆళ్లగడ్డలో ఓబులేసు శిల్పశాలలో కొత్త సమాధిరాయిని ఎనభై మూడేళ్ల లాల్‌బీ వేళ్లతో తడిమి చూసింది.

"ఓబులేసూ, కడపటి అక్షరం సగంలోనే నిలిపేసినావేందప్పా?"

"దేవుని బొమ్మకు కండ్లు కడాకు తెరుస్తాం అవ్వా. ఇది మీ నాయన రాయి. అందుకే కడాదెబ్బ నీకు పెట్టినా. పట్టు ఉలి."

"యుద్ధంలోనించి పారిపోయినాడని ఊరంతా అనిరి. మాయమ్మ తల దించుకునే సచ్చిపాయ."

"పారిపోయింటే, బర్మా సరిహద్దులో ఆయన జత సిపాయిల పన్నెండు సమాధుల పక్కన మన్నులో ఆయన ఎముకలు, మెడలోని సిపాయి నంబరు బిళ్ల ఎట్ల దొరుకుతాయి? కొట్లాటలోనే పడినాడని మిలిటరీవాళ్లే రాసి పంపిరి కదా."

"అప్పటి కాగితంలో గైరుహాజరు అని రాసింటిరి."

"ఆ కాగితం ఇంగ చెల్లదు. ఆ పన్నెండిటి పక్కన ఈ రాయి పదమూడోది. కొట్టవ్వా!"

సుత్తి దెబ్బకు రాతిపొడి లేచింది. అక్షరం పూర్తయింది.

"ఇప్పుడు పేరు చదువప్పా. బజారుకంతా ఇనపడల్ల."

"సిపాయి నిజాముద్దీన్!"

లాల్‌బీ మోకాళ్ల నొప్పి మరిచి లేచింది. కొంగు సర్దుకొని, తండ్రి తరఫున నిటారుగా నిలబడింది.

"హాజర్!"