సాంచాల చప్పుడులో

జర్మనీలో చదువుకుంటున్న కూతురు సెలవులకు సిరిసిల్ల వచ్చి వారమైంది. మరమగ్గాల షెడ్డులో తల్లి నూలు కండెలు చుడుతుంటే ఎదురుగా కూర్చుంది. వెనక నాలుగు మరమగ్గాలు, ఇక్కడి మాటలో సాంచాలు, టకటకా ఆడుతున్నాయి.

“జర గట్టిగ మాట్లాడు బిడ్డా. గీ చప్పుడుల ఏం ఇనబడ్తది?”

“అక్కడ గట్టిగ మాట్లాడితే పక్క రూమోళ్లు గోడ కొడ్తరమ్మా. గట్లనే అలవాటైంది.”

“సదువు ఎట్లుంది?”

“మంచిగనే ఉంది.”

“మంచిగుంటె గింత ఎండిపోయినవేంది?”

“చలి ఎక్కువమ్మా.”

తల్లి మళ్లీ పనిలో పడింది. ఈ చప్పుడులో ఎవరికి వినిపిస్తుందిలే అనుకుని, రోజూ అన్నట్టే కూతురు మెల్లగా తనలో తాను గొణుక్కుంది.

“ఒక్క పరీక్ష రెండుసార్లు తప్పిన. ఇంకోసారి తప్పితే ఎల్లగొడ్తరు. నాతోని అయితలేదు. మల్ల పోను.”

ఇంతలో కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారే ఆగిపోయాయి.

“పోకుంటె పోకు తియ్యి.”

“అమ్మా! ఇనబడ్తలేదంటివి గదా?”

“ఇనబడలె. ఇరవై ఏండ్ల సంది సాంచాల కాడ ఉన్న. ఇక్కడ ఎవలు చెవులతోని ఇంటరే? పెదవులు చూసి తెలుసుకుంటం. గది గూడ మర్శిపోయినవా?”

“మరి వారం సంది ఏమనలేదేంది?”

“వారం సంది సాంచాలకు చెప్తున్నవ్ బిడ్డా. నాకెప్పుడు చెప్తవో అని చూస్తున్న.”