పునీతుడు నిలవని డాష్‌బోర్డు

వోజ్ పర్వతాల్లో ఒక కొండ మీదికి కార్ల పందెం మొదలవబోతోంది. పాత చిన్న కారులో వరసలో ఉన్న కూతురి కోసం, ప్రయాణికుల్ని కాచే పునీత క్రిస్టఫర్ పతకాన్ని తండ్రి డాష్‌బోర్డుకి అంటించాడు. చెయ్యి తీయగానే పతకంతోపాటు ప్లాస్టిక్ ముక్క కూడా ఊడొచ్చింది.

"చూశావా తల్లీ! పునీతుడే ఇందులో కూర్చోనంటున్నాడు. దిగిపో."

"దిగను నాన్నా."

"నిన్న తలుపు పిడి కూడా ఊడిందిగా!"

"ఊడనీ. చేసినవాళ్ళు డబ్బంతా ఇంజనుకీ చక్రాలకీ పెట్టేశారు. మలుపులో ఈ కారు ఎప్పుడైనా నా మాట వినకపోయిందా?"

"అది నిజమేలే."

"దేవుడు మాత్రం పైమెరుగులు చూస్తాడా?"

తండ్రి ఆ ప్లాస్టిక్ ముక్కని పీకేశాడు. పతకాన్ని ఒక దారానికి గుచ్చి ఆమె మెడలో వేశాడు.

"ఆ పెద్ద మలుపులో నెమ్మదిగా వెళ్ళమ్మా."

"ఆ మలుపు కోసమే కదా నాన్నా, ఈ కారు కొన్నది!"