పొగగొట్టానికి పీచు కూరిన పోలేసు

గంగాలుకి మతిమరుపు పట్టుకుందంట. యాభై కూడా నిండలేదు మనిషికి. పులుసులో ఉప్పేసి, అటు తిరిగి ఇటు తిరిగి మళ్ళీ ఉప్పేసేదంట. రోజూ పడవెక్కే కల్లుగీత పుల్లయ్యని పట్టుకుని 'నువ్వెవరి తాలూకా బాబూ' అనేసిందంట. ఆయన నవ్వేశాడు గాని, ఈవిడకి గుండె జారిపోయింది. ఎందుకంటే వాళ్ళమ్మ ఇలాగే మొదలై, ఆఖరికి కన్నకూతుర్నే గుర్తుపట్టక కన్నుమూసింది. అది దగ్గరుండి చూసిన మనిషి కదా. 'మావా, నాదీ మా అమ్మ దారేనేమో' అని మొగుడితో అంటే, పోలేసు 'నీకెప్పుడుందే మతి, ఇప్పుడు పోవడానికి' అన్నాడంట. వాడు హాస్యానికే అన్నాడనుకో. ఆవిడ మాత్రం అన్నం ముందునుంచి లేచిపోయింది. అప్పట్నుంచీ పిల్లల పేర్లు, మనవల పేర్లు పడవలో కూచున్నంతసేపూ లోపల్లోపల అనుకునేదంట, జారిపోకుండా.

పడవంటే, ఈ పోలేసు లంక రేవులో ఇంజిను పడవ తిప్పేవాడు. తాతల నాటి చెక్క పడవ పోయాక, ఎగువని షికార్లకి తిప్పి వదిలేసింది ఒకటి కొన్నాడు. దాని తీరే వేరు. ఇంజిను వెనకమాల పెట్టెలో ఉంటది, పంకా తోకలాగ బయట నీళ్ళలో ఆడతది. ఇంజిను పొగ ఇనపగొట్టంలోంచి వంపు తిరిగి వెనక్కి పోవాలి. ఆ వంపు దగ్గర ఉప్పునీళ్ళకి తుప్పు తిని చిల్లి పడింది. కాకినాడ మేస్త్రీ చూసి, 'వంపు ముక్క మార్చాలి, దీనికింకో మందు లేదు' అన్నాడు. పోలేసుకి పౌరుషం వచ్చేసింది. 'మా తాత పడవ సందులు పూడిస్తే చుక్క నీరు రాలేదు, ఈ వేలెడు చిల్లికి నేను కాకినాడ పట్టుకుపోవాలా' అని, ఏం చేశాడంటే, కొబ్బరిపీచు పేనాడు, చిల్లిలో కూరాడు, తారు కాచి పోశాడు, పైన గోనెపట్టా చుట్టి తీగతో బిగించాడు. చెక్క పడవకి అదేగా మన పద్ధతి. పనితనం చూస్తే ముచ్చటేస్తదనుకో. కానీ నీళ్ళనాపే తారు నిప్పునాపుతుందా? ఇంజిను కాగేసరికి తారు కరిగేది, పీచు మాడేది, పొగంతా లోపలికే. ఎవరికీ తెలిసేది కాదు. పడవోళ్ళకి తారు వాసనంటే పుట్టింటి వాసన కదా, ఆ వాసనలో పొగ వాసన కలిసిపోయింది. వాడు మళ్ళీ కూరేవాడు, మళ్ళీ పోసేవాడు. తను ముందర చక్రం దగ్గర గాలికి నిలబడేవాడు. గంగాలు వెనకమాల ఇంజిను పెట్టె మీద కూచునేది. ఏడాదిగా అక్కడే, రోజూ తలపోటుతోటే.

ఇంతలో ఏమైందంటే, అవతలొడ్డున అమ్మవారి తీర్థం వచ్చింది. పైగా ముసురు. పడవ నిండా జనం. జల్లు కొట్టకుండా నాలుగువైపులా పరదాలు దింపి తాళ్ళు కట్టేశారు. ఏటి నడుమకొచ్చేసరికి ఒకామె తూలింది. ఇంకొకామె కళ్ళు తేలేసింది. గంగాలుకి పిన్ని వరసయ్యే మంగాయమ్మ ఉంది, పూనకాల సంగతి ఆవిడకే తెలుసని పేరు. 'అమ్మొచ్చిందర్రా! ఒడ్డుదాకా ఆగలేకపోయింది నా తల్లి' అని పసుపునీళ్ళు చల్లేసింది. 'ఏం కావాలి తల్లీ' అంటే, ఆ తూలే మనిషి 'తల బద్దలైపోతంది... ఊపిరాడట్లేదు' అంది. 'అబ్బో, ఉగ్రంగా ఉంది! సాంబ్రాణి వెయ్యండర్రా' అంది మంగాయమ్మ. ఉన్న పొగ చాలదన్నట్టు!

గంగాలు వింటంది. తలపోటు, తూలడం, వికారం. ఇయ్యన్నీ తనకి రోజూ ఉండేయే కదా. 'పిన్నీ, ఆ లెక్కన అమ్మ నాకు రోజూ పూనుతోందే! నేనేం మొక్కుకున్నానని?' అంది. 'నోర్ముయ్యవే, అపచారం' అంది ఆవిడ. గంగాలు లేవబోతే కాళ్ళు లేవలేదు. డేక్కుంటా పోయి, చేపలు కోసే కత్తి తీసి పరదా తాళ్ళు కోసేసింది. ఇటుదీ కోసేసింది, అటుదీ కోసేసింది. వాన కొట్టింది, గాలి కొట్టింది. 'మావా, ఇంజినాపు! నీ గొట్టమేనయ్యా నన్ను తింటంది!' అని అరిచింది. పోలేసు ఆపేశాడు. పడవ ఏటివాలుకి తేలతా ఉంది, జనం ఒక్కొక్కరే కక్కుకుని తేరుకున్నారు. 'అమ్మ అలిగి వెళ్ళిపోయింది, అంతా నీ మూలానే' అంటంది మంగాయమ్మ. 'వెళ్ళనీ పిన్నీ. ఆవిడుంటే మనం వెళ్ళేవాళ్ళం' అందంట గంగాలు, ఓపిక లేక పడుకునే.

పోలేసు పెట్టె మూత తీసి చూశాడు. మాడిన గోనె, కారిన తారు. 'ఏడాదిగా దీనిమీదే కూచున్నావేమే' అన్నాడంట. 'కూచోమన్నది నువ్వే కదా మావా' అంది. గెడ తీసుకుని పడవని ఒడ్డుకి తోసుకొచ్చాడు. ఆ వంపు ముక్క విప్పి భుజానేసుకుని కాకినాడ పోయాడు.

తర్వాత్తర్వాత గంగాలుకి తలపోటు తగ్గింది. ఉప్పు ఒక్కసారే వేస్తంది. పుల్లయ్యని పేరుపెట్టి పిలిచిందంట. కొన్ని మాత్రం తిరిగి రాలేదు. వాళ్ళమ్మ పాడే నాట్ల పాట సగమే వస్తంది, మిగతా సగం ఏ ఏట్లో పడిపోయిందో. అయినా అదృష్టవంతురాలర్రా. ఆవిడ మరుపుకి ఒక గొట్టం దొరికింది, విప్పి అవతల పారేశారు. నా మరుపుకీ ఒకటి దొరుకుతదేమోనని నేనూ మా ఇంట్లో మూలమూలా వెతుక్కున్నాను. గొట్టం కాదుగదా, పొగే లేదు, గ్యాసుపొయ్యి. నా కథలు రాసుకునేవాళ్ళు గబగబా రాసుకోండి మరి.