వీణకి బెల్టు

బొబ్బిలి రోడ్డులో లారీ గుద్దిన కారు ఇక బాగవదని తేలాక, ఆ మొగుడూ పెళ్లాం విజయనగరంలో షోరూముకి వచ్చారు. ఆవిడ ఒంటిచేత్తోనే కారు తలుపులు తీసి చూస్తోంది.

"ఐదు సీట్లది సాల్దేటే? అమ్మ, మనిద్దరం, పిల్లలిద్దరు. సరిపోనాది."

"వీణని మర్సిపోనావా బావా?"

"డిక్కీలో ఎట్టీవొచ్చు కదే!"

"ఆ మాట అత్త కాడ అను. సరస్వతమ్మని డిక్కీలో తొంగోబెడతారేటని ఆ రోజు ఒకటే గోల."

"అప్పుడే కొత్త తీగలు ఏయించి తెస్తన్నాం కదా. అమ్మ భయం అమ్మది."

"అందుకే ముందు సీటు అత్తకిచ్చావు. ఎనక పిల్లల్ని సర్ది, మూడో సీట్లో వీణని నిలబెట్టి బెల్టు కట్టావు. మరి నేనెక్కడ కూకున్నాను?"

"పిల్లల పక్కనే కదే!"

"పక్కన కాదు, సీటు అంచున. బెల్టు నేకుండా."

"లారీవోడు గుద్దేస్తాడని నాకేటి తెలుసు? సూర్యనారాయణుడి దయ, వీణకి గీతైనా పడనేదు."

"అవును, పడనేదు. దాన్ని వాయించే సెయ్యే ఇరిగిపోనాది."

అతను ఆవిడ చేతికున్న కట్టుకేసి చూసి, షోరూము అమ్మాయిని పిలిచాడు.

"అమ్మా, ఏడు సీట్లది సూపించండి."

"కొను బావా. ఒక సీటు మిగిలిందని మాత్రం అత్తకి సెప్పకు. మీ సెల్లి పిల్లల్తో సహా ఎక్కీసిందంటే, నేను మళ్లీ అంచునే."