సగంలో దిగిన ఓడ

గుడియాత్తం స్టేషన్లో చెన్నై రైలు కోసం నిలబడిన భార్యాభర్తల మధ్య ఒక్కటే పెట్టె ఉంది. అది ఆమెది.

"ప్రపంచమంతా చుట్టే ఓడలోంచి సగంలో దిగొచ్చినాము. ఇప్పుడు ఒకదానివే పోయి మళ్ళీ ఎక్కుతావా?"

"ఓడ కొలంబోకి వస్తాండాది. ఆడ ఎక్కుతాను."

"ఆ అలలు మరిచిపోయినావా?"

"మరిచిపోలేదు. ఉప్పూ కారం లేని కూడు తిన్నాను, తుపానులో మంచం మీంచి కిందపడినాను. తెల్లారి సముద్రం మీద ఎండ చూసినాక అంతా మంచిదే అనిపించింది. నాకు ఆ తుపానూ కావాల, ఆ ఎండా కావాల."

"ఊర్లో నవ్వరా? వాంతులు తాళలేక దిగొచ్చిన ఆడది మళ్ళీ ఓడెక్కిందా అని?"

ఆమె మొగుడి మీసం వైపు చూసింది.

"వాంతులు ఎవరికయ్యా?"

"మెల్లగా మాట్లాడు. మనూరోళ్ళు పక్కనే ఉండారు."

"నీ పరువు కోసం నాకేనని ఊరంతా చెప్పినాను. ఇంక చెప్పను."

రైలొచ్చింది. ఆయన సంచిలోంచి రెండు నిమ్మకాయలు తీసి ఆమెకిస్తూ, అందరికీ వినబడేలా అన్నాడు.

"వాంతి వస్తే వాసన చూసుకో."

ఆమె వాటిని తిరిగి ఆయన చేతిలోనే పెట్టి, ఇంకా గట్టిగా అంది.

"నువ్వే పెట్టుకో. ఊరికి బస్సులో పోవాల గదా!"