శుక్రవారం కుట్టు

గల్ఫ్ దేశంలో, హూరాలో ఒక మేడ మీద గది. శుక్రవారం మధ్యాహ్నం. ఇళ్లలో పనిచేసే వీరదుర్గ, సాయికుమారి.

“నేను రానే సాయీ. కాళ్లు పీకేస్తన్నాయి.”

“మెట్లు దిగడానికేనా పిన్నీ? కింద అబెబా సామాను కట్టేసుకుంది. కారొచ్చిందంటే ముహర్రక్‌లో ఇమానం ఎక్కేస్తాది. మళ్లీ కనపడదు.”

“ఎక్కనీ. ఎల్లినోళ్లెవరు కనపడ్డారు గనక! కెన్యా పిల్ల ఎల్లింది. హన్నా ఎల్లింది. నా దగ్గర కుట్టు నేర్చుకోడం, ఆళ్లూళ్లో కొట్టు పెట్టుకోడం.”

“మంచిదేగా!”

“మంచిదే. నేను కాదన్నానా?”

“మరి అబెబాకి చెయ్యి అతికేకాడ చంక కత్తిరించడం ఎందుకు చూపించలేదు?”

“టీ తాగుతావా?”

“పిన్నీ!”

“చూపిద్దామనే అనుకున్నాను. గుడ్డ ఉండద్దూ?”

“గుడ్డ తెచ్చినప్పుడల్లా నువ్వే లాక్కుని, అటు తిరిగి కత్తిరించేసేదానివి. నేను చూళ్లేదా? ఆళ్ల ఇథియోపియాలో ఆడాళ్ల సంఘమోళ్లు దానికి మిషనిస్తారంట, కొట్టు నడపడం నేర్పుతారంట. ముందు గౌను కత్తిరించి చూపించాలంట. చంక దగ్గర ఆగిపోతే ఏం చెప్పాలి? మా పిన్ని దాచుకుందని చెప్పమంటావా?”

“చాల్లే, నోర్ముయ్.”

“నేర్పితే నీ సొమ్మేం పోద్ది?”

“శుక్రవారం పోద్దే! ఈ గదిలో మనిషి మాట ఇనపడేది ఆ ఒక్క పూట. మిగతా రోజులు ‘యల్లా, యల్లా’ అని తొందరపెట్టడం తప్ప నన్ను పేరెట్టి పిలిచేవోళ్లున్నారా? నువ్వు మాత్రం పనుంటేనే గదా వస్తావ్! అది చంక నేర్చేసుకుంటే ఇంకెందుకొస్తాది నా దగ్గరికి?”

“అదన్నమాట.”

“ఏంటే అలా చూస్తావ్?”

“ఏం లేదు.”

“పాపిష్టిదాన్ని. దాని నోటికాడ కూడు లాగేసేను. ఆ కత్తెర ఇలా అందుకో. పాత దుప్పటుంది చూడు, అదీ తే. కారొచ్చేలోపల నేర్పేస్తాను. పద పద.”

“కంగారు పడకు. ముందిది తీసుకో. అబెబా ఇమ్మంది.”

“జాకెట్టా? అబ్బ, చంక ఎంత ముచ్చటగా తిప్పేడే! ఏ దర్జీ? ఇదేంటి, నా కొలతే! ఆది జాకెట్టు ఎక్కడిది దానికి?”

“రంజాన్‌లో తీగమీద జాకెట్టు పోయిందని గోలెట్టేవు గదా.”

“ఓసి దొంగపిల్లా! అబెబా తీసిందా? అంటే... ఇది అబెబాయే కుట్టిందా?”

“హన్నా ఎల్లేముందే నేర్పేసింది దానికి.”

“మరి ఇందాకట్నించీ నన్నెందుకే ఏపుకు తిన్నావ్?”

“నీ నోటంట రావాలని.”

“హన్నా ఉన్నప్పుడే వచ్చేసిందా! మరి ఇన్నాళ్లూ గుడ్డట్టుకుని, ఏమీ రానట్టు నా ముందు కూచునేదేంటే?”

“నేనూ అదే అడిగేను. ‘నేర్చేసుకున్నానని చెప్తే పిన్ని ఒక్కత్తే అయిపోద్ది’ అంది.”