ప్రతివాది పేరు

మనీలా. మే నెల, మిట్టమధ్యాహ్నం. వార్డు కచేరీలో ఇద్దరే ఉన్నారు: గుమాస్తా ఫ్రెడో, ఫిర్యాదుకు వచ్చిన విశ్రాంత ఉపాధ్యాయిని క్లోతిల్ద.

"అది సరే టీచర్. అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? కాగితంలో మొదటి గడి అదే."

"మా చెల్లెలు రెమెదియోస్‌కి. ఇంట్లో ఉడికి చచ్చిపోయింది. అలాగే రాయి."

"వడదెబ్బ అని రాస్తాను."

"వడదెబ్బ ఎండన పడి తిరిగేవాళ్ళకి. అది మంచం మీద పోయింది, తెల్లవారుజామున మూడింటికి. ఆ వేళ సూర్యుడెక్కడున్నాడు?"

"మే నెల కదా. దేశమంతా ఇంతే."

"అదే రోజు తానయ్ పల్లెలో మా మేనకోడలు దుప్పటి కప్పుకుంది. అక్కడ మట్టి, చెట్లు. చెట్టు ఊరికే నీడ ఇవ్వదు, ఆకుల్లోంచి నీటి ఆవిరి వదిలి గాలిని చల్లబరుస్తుంది. ఇక్కడ సిమెంటు పగలంతా వేడి తాగుతుంది, రాత్రంతా మన మీద కక్కుతుంది. ఏడో తరగతిలో చెప్పాను. నువ్వు నిద్రపోయావు."

"వెనక బల్ల కదా టీచర్. గాలి హాయిగా వచ్చేది."

"వచ్చేది. ఇప్పుడా గాలికి బజారు భవనం అడ్డం. దాని ఏసీలు నలభై, మా కిటికీలోకే ఊదుతాయి. లోపల వాళ్ళు స్వెటర్లు వేసుకుంటారు, వాళ్ళ వేడి మా ఇంట్లో."

"బజారు మీద రాయడం కుదరదు. ఇక్కడ మనిషికీ మనిషికీ మధ్యే రాజీ. కంపెనీ పనికిరాదు. ఈ వార్డు మనిషే కావాలి."

"తెలుసు."

"పోనీ సూర్యుడి మీద రాద్దామన్నా, ఆయనదీ ఈ వార్డు కాదు."

"నవ్వించకు ఫ్రెడో. చెల్లెలి నలభయ్యో రోజు ప్రార్థన ఇంకా కాలేదు."

"తప్పయింది టీచర్. ఏం కావాలో చెప్పండి. చెట్లు నాటించమని అడుగుదామా?"

"నాటితే నీడకి ఇరవై ఏళ్ళు. నాకు డెబ్బై తొమ్మిది. ఏదీ రాదని తెలిసే వచ్చాను. కాగితం మీద ఒక పేరుండాలి, అంతే."

"ఎవరిది?"

"బజారు ఉన్నచోట పద్నాలుగు నిద్రగన్నేరు చెట్లుండేవి. కొట్టేయడానికి వార్డు సభ్యుల్లో ఒక్క సంతకం తక్కువైంది."

"బజారు యజమాని ఎవరి చేతిలోనో ఏదో పెట్టుంటాడు."

"పెట్టలేదు. ఇంటికొచ్చి అడిగాడు. అంతకు ఆరేళ్ళ ముందు రెమెదియోస్ ఊపిరి అందక కొట్టుకుంటుంటే, తన కారులో ఆసుపత్రికి తీసుకెళ్ళి బతికించిందాయన. అలాంటివాడు అడిగితే కాదనే నోరు మనలో ఎవరికుంది?"

"ఎవరికీ లేదు... టీచర్, అప్పట్లో సభ్యుల్లో మీరు కూడా..."

"ప్రతివాది గడిలో రాయి. క్లోతిల్ద సుమాలోంగ్."

"వద్దు టీచర్. కాఫీ తాగండి. ఇంటికెళ్ళండి."

"రాయి. ఆయన కాపాడి ఇచ్చిన ప్రాణాన్ని నేను సంతకం పెట్టి తిరిగి ఇచ్చేశాను. రుణం పూర్తిగా తీరింది."